ఇసుక తుఫాను లేస్తే: గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకూ, ఇక్కడున్న మనకూ తరచుగా వచ్చే ప్రశ్నలు

మాది గోదావరి డెల్టాలో రాజోలు వైపు. కువైట్‌లో పన్నెండేళ్ళు నర్సుగా చేసి వచ్చాను. మా వీధిలో ఇంటికొకరు కువైట్లోనో, మస్కట్‌లోనో, దోహాలోనో ఉంటారు. మే నెల వచ్చిందంటే చాలు, టీవీలో ఆకాశం ఎర్రగా చూపిస్తారు, ఇక్కడ మా గుమ్మం ముందు జనం చేరతారు. "ఏవండీ, మా పిల్ల ఫోను ఎత్తట్లేదు" అని ఒకరు, "ఈ మందు పంపొచ్చా" అని ఒకరు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇసుక తుఫానంటే మన తుఫాను లాంటిదేనా?

పేరొక్కటే కలిసింది. మనకు తుఫానంటే 1996 నవంబరు 6 గుర్తొస్తుంది. వాన, ఉప్పెన, కూలిన కొబ్బరిచెట్లు. ఇసుక తుఫానులో చుక్క నీరుండదు. పొడి నేల మీద గట్టిగాలి కొట్టి మట్టిని పైకెత్తుతుంది, అంతే. ఒక్కోసారి గోధుమరంగు గోడ నడిచొస్తున్నట్టు కనిపిస్తుంది. పట్టపగలు ఇంట్లో లైట్లు వేసుకోవాల్సి వస్తుంది. సముద్రపు తుఫానుకి రెండు మూడు రోజుల ముందే దండోరా వేస్తారు. దీనికి అంత వ్యవధి ఉండదు. వాతావరణ శాఖవాళ్ళు ముందురోజు చెప్పగలిగేవి కొన్ని ఉంటాయి గానీ, ఉరుములతో వచ్చే గాలికి లేచేవి గంటలోపే మీద పడతాయి.

ఇంకో సంగతి. పేరు ఇసుకే గానీ మనిషికి చేటు చేసేది ఇసుక కాదు. ఇసుక రేణువు బరువు. అది నేలకు దగ్గరగా దొర్లుతూ, గెంతుతూ పోతుంది, మనిషెత్తు దాటడం అరుదు. కిలోమీటర్ల ఎత్తుకు లేచి రోజుల తరబడి గాలిలో తేలేది సన్నటి ధూళి. ముక్కులోకి వెళ్ళేదీ అదే.

ఆ దుమ్మంతా ఎక్కడి నుంచి వస్తుంది? ఏ నెలల్లో?

కువైట్‌కి ఎక్కువగా వాయవ్యం నుంచి, అంటే ఇరాక్ వైపు నుంచి. ఆ గాలిని అక్కడ 'షమాల్' అంటారు. జూన్, జూలైలలో దాని జోరు. మార్చి నుంచి మే దాకా ఉరుముల గాలితో హఠాత్తుగా లేచేవి వేరే ఉంటాయి. కువైటీలు దుమ్మును 'తోజ్' అంటారు, మిగతా అరబ్బులు 'గుబార్' అంటారు. ఈ రెండు మాటలు చెవిన పడితే కిటికీలు మూసేయమని అర్థం.

డెల్టావాళ్ళం కాబట్టి మనకు బాగా అర్థమయ్యే మాట ఒకటి చెప్తాను. ఆ దుమ్ములో చాలా భాగం ఎడారి ఇసుక కాదు, ఒండ్రు. ఇరాక్‌లో టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల దిగువన మన లంకల్లాంటి చిత్తడి నేలలుండేవి. 1990లలో సద్దాం ప్రభుత్వం వాటిని ఎండగట్టింది. పై దేశాల ఆనకట్టలు, కరువులు తోడయ్యాయి. తడి ఉన్నంతకాలం ఒండ్రు పంటనిస్తుంది, ఎండితే పిండిలా లేస్తుంది. 2022 మే నెలలో వరసగా వచ్చిన తుఫాన్లకు కువైట్ విమానాశ్రయంలో రాకపోకలు ఆపేశారు. అదే నెలలో ఇరాక్‌లో ఒక్క తుఫానుకే 5,000 మందికి పైగా ఊపిరాడక ఆసుపత్రులకు చేరారు.

పీల్చిన దుమ్ము ఒంట్లో ఏం చేస్తుంది?

రేణువు ఎంతుందన్నదాన్ని బట్టి. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల కన్నా పెద్దవి ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. తుమ్ములు, ముక్కుదిబ్బడ, గొంతు గీరుకోవడం, నల్లటి చీమిడి, అంతవరకే. అంతకన్నా చిన్నవి ఊపిరిగొట్టాల్లోకి దిగి వాటిని వాచేలా చేస్తాయి. అప్పుడు దగ్గు, పిల్లికూతలు. 2.5 మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి, మరీ సన్నటివి నెత్తుట్లోనూ కలుస్తాయి. గుండె జబ్బులవాళ్ళకు దుమ్ము రోజుల్లో ముప్పు పెరిగేది అందుకే.

ఆ దుమ్ములో మట్టి ఒక్కటే ఉండదు. బూజుల బీజాలు, పుప్పొడి, దారిలో కలిసిన పొగ కూడా ఉంటాయి. మామూలు మట్టి పడినవాడికి కూడా ఒక్కోసారి ఇది పడదు.

లెక్కల్లో చెప్పాలంటే, 10 మైక్రాన్ల లోపు ధూళి రోజు సగటున ఘనమీటరు గాలికి 45 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 100. గట్టి తుఫానులో ఈ అంకె వేలల్లోకి పోతుంది.

బాధ అదేరోజు కనపడాలని లేదు. ఆకాశం తేటపడ్డాక ఒకటి రెండు రోజులకు ఆయాసంతో వచ్చేవాళ్ళు మా వార్డులో ఎప్పుడూ ఉండేవారు. "తుఫాను మొన్న కదా, ఇది దానివల్ల కాదేమో" అనేవారు. దానివల్లే.

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

ఉబ్బసం, పాత దగ్గు, గుండె జబ్బు, షుగరు ఉన్నవాళ్ళు, గర్భిణులు, ముసలివాళ్ళు, అయిదేళ్ళలోపు పిల్లలు. బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నవాళ్ళని వేరే చెప్పక్కర్లేదు. బయట పనిచేసే కూలీలు, డ్రైవర్లు ఆరోగ్యంగా ఉన్నా ఈ వరసలోకే వస్తారు.

మా అమ్మాయి ఇంట్లో పనికి వెళ్ళింది. బయట తిరగదు కదా, ఆమెకేం భయం?

అందరూ ఇదే అనుకుంటారు. నేను మాత్రం అందరికన్నా ఎక్కువ బెంగపడేది ఈ పిల్లల గురించే.

తుఫాను ఉన్నంతసేపూ ఇంటివాళ్ళందరితో పాటు ఆమె కూడా లోపలే ఉంటుంది, నిజమే. తగ్గాక ఇల్లంతా సన్నటి పసుపు పొడి పరిచినట్టుంటుంది. మేడ మీద, గుమ్మాల్లో, కిటికీ సందుల్లో, కారు మీద, సోఫాల కింద. అప్పుడు చీపురు ఎవరి చేతికొస్తుంది? మన పిల్ల చేతికి. వాన పడ్డట్టు కింద పడిపోయిన ధూళిని మళ్ళీ పొడి చీపురుతో లేపి, మూసిన గదిలో, ముఖం దగ్గర పెట్టుకుని గంటల తరబడి పీల్చేది ఆమే. మా వార్డుకి వచ్చిన మనవాళ్ళలో సగం మందిని అడిగితే, తుఫానులో తిరిగామని కాదు, మర్నాడు మేడంతా ఊడ్చామనే చెప్పేవారు.

ఊడ్పు పద్ధతి మారిస్తే చాలావరకు తప్పుతుంది. పొడిగా ఊడవకూడదు, దులపకూడదు. మేడ మీద, వాకిట్లో ముందు నీళ్ళు చిలకరించి, తడిశాక ఊడవాలి లేదా కడిగేయాలి. మన అమ్మమ్మలు కళ్ళాపి చల్లి ఊడ్చేవారు, అదే సూత్రం. లోపల తడిగుడ్డతో తుడవాలి, గుడ్డను మాటిమాటికీ బకెట్లో జాడించాలి. కర్టెన్లను విదిలించకుండా తీసి నేరుగా నానబెట్టాలి. ఏసీ జాలీ విప్పేటప్పుడు మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. పనంతా అయ్యాక బట్టలు మార్చుకుని తలస్నానం చేయాలి, ఎందుకంటే జుట్టులో చేరిన ధూళి రాత్రంతా దిండు మీదే ఉంటుంది.

మాస్కు అడగడానికి మొహమాటపడతారు. "మామా, కమామా" అంటే చాలు. 'మామా' అంటే ఇంటి యజమానురాలు, 'కమామా' అంటే అరబ్బీలో మాస్కు. పిల్లల్ని చూసుకునే ఇళ్ళలో అయితే ఇంకా తేలిక. "దుమ్ము పట్టిన చేతులతో బాబుని ఎత్తుకోలేను" అని చెప్పమనండి, వెంటనే ఇస్తారు.

ఏ మాస్కు మంచిది? తడిపిన తువ్వాలు చాలదా?

ఎన్95. గల్ఫ్ మందుల షాపుల్లో ఎఫ్ఎఫ్‌పీ2 అని రాసి ఉన్నా దాదాపు అదే పని చేస్తుంది. ఎన్95 అంటే కంటికి కనపడని సన్నటి రేణువుల్లో నూటికి 95 ఆపుతుందని. అయితే అంచులు ముఖానికి అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. ముక్కు మీది తీగను నొక్కకపోతే పైనుంచి గాలి పోతుంది. తలకి స్కార్ఫు కట్టుకునేవాళ్ళు మాస్కు పట్టీల్ని స్కార్ఫు లోపల వేసుకోవాలి. కరోనా రోజుల నీలం మాస్కుకి పక్కల సందులుంటాయి. ఏమీ లేనిదానికన్నా మేలు, అంతవరకే.

తడి తువ్వాలు పెద్ద రేణువుల్ని ఆపుతుంది, సన్నటివాటిని ఆపలేదు. హఠాత్తుగా చిక్కుకుంటే కండువానో చున్నీనో రెండు మడతలు తడిపి ముక్కుకి కట్టుకోండి. ఎన్95ని మాత్రం తడపకండి, తడిస్తే అది పాడైనట్టే.

తుఫాను లేస్తున్నప్పుడు ఏం చేయాలి?

లోపలుంటే తలుపులు, కిటికీలు వేసి, గడప సందుల్లో తడి తువ్వాళ్ళు కూరండి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపేయండి, అది లోపలి గాలిని బయటికి లాగితే బయటి దుమ్ము సందుల్లోంచి లోపలికొస్తుంది. స్ప్లిట్ ఏసీ వేసుకోవచ్చు. బయటి గాలిని తీసుకునే మీట ఉన్న ఏసీ అయితే దాన్ని మూసేయాలి. నీళ్ళు తాగుతుండండి. కాంటాక్ట్ లెన్సులు తీసి కళ్ళజోడు పెట్టుకోండి.

బయట నడుస్తుంటే గోడ చాటుకి వెళ్ళి, గాలికి వీపు పెట్టి కూర్చోవాలి. సైటులో పరంజీ మీదున్నవాళ్ళు ముందు కిందికి దిగాలి. దుమ్ముకన్నా ముందు చంపేది గాలి. 2018 మే 2 రాత్రి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ధూళి గాలివానకు వందమందికి పైగా చనిపోయారు. కూలిన గోడలు, చెట్లు, కరెంటు స్తంభాల కింద పడినవాళ్ళే ఎక్కువ.

కారులో ఉంటే అద్దాలు ఎక్కించి, గాలి లోపలే తిరిగే మీట నొక్కండి. దారి కనపడకపోతే రోడ్డు దిగి దూరంగా ఆపాలి. రోడ్డు మీద ఆపితే వెనకొచ్చేవాడికి మీరు కనపడరు.

నాకు ఉబ్బసం. గల్ఫ్ వెళ్ళొచ్చా? ఇన్‌హేలర్ పెడితే అలవాటైపోతుందంటారు?

ఉబ్బసం ఉన్నవాళ్ళెందరో అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. వెళ్ళే ముందు డాక్టరు దగ్గర అదుపులోకి తెచ్చుకుని వెళ్ళండి. రెండు రకాల ఇన్‌హేలర్లుంటాయి. రోజూ పీల్చాల్సింది వాపును అణచి ఉంచుతుంది. నీలం రంగులో వచ్చే సాల్‌బ్యుటమాల్ ఆయాసం వచ్చినప్పుడు గొట్టాల్ని తెరుస్తుంది. మనవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే, బాగున్నప్పుడు రోజువారీది మానేసి, దుమ్ము లేచాక నీలందాన్ని పదిసార్లు కొట్టుకోవడం. ఆ సీజను మొదలవకముందే రోజువారీది క్రమం తప్పకుండా పీల్చాలి.

అలవాటు పడతామన్నది అపోహ. కళ్ళజోడుకి అలవాటు పడ్డారని ఎవరైనా అంటారా? మాత్ర కన్నా ఇన్‌హేలర్‌లో మందు మోతాదు చాలా తక్కువ, నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది.

ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి?

ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నప్పుడు, పెదాలు నీలంగానో బూడిదరంగుగానో మారినప్పుడు, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నప్పుడు, నీలం ఇన్‌హేలర్ పీల్చినా పావుగంటలో తెరిపి లేనప్పుడు, ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు. వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

అంబులెన్సుకి కువైట్‌లో 112, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, ఎమిరేట్స్‌లో 998, సౌదీలో 997, ఒమన్‌లో 9999. ఇక్కడ 108. ఆ దేశపు నంబరు మీ పిల్ల ఫోనులో ఉందో లేదో ఈసారి మాట్లాడినప్పుడు అడగండి.

కంట్లో పడితే?

నలపొద్దు. నలిపితే రేణువు నల్లగుడ్డును గీరుతుంది. చేతులు కడుక్కుని, శుభ్రమైన నీళ్ళు ధారగా పోస్తూ కన్ను ఆర్పుతుండాలి. పోకపోయినా, ఎరుపు, నొప్పి, మసక మర్నాటికీ ఉన్నా కంటి డాక్టరుకే చూపించాలి. చనుబాలు పిండటం, ఆముదం చుక్క వేయడం మన వైపు ఇంకా ఉంది. మానేయండి.

కోతల కాలంలో ఇక్కడివాళ్ళకూ ఒక హెచ్చరిక. వరి ఆకు కోసుకున్నా, నూర్పిడిలో గింజ ఎగిరి తగిలినా కంట్లో ఫంగస్ పుండు పడొచ్చు. మందుల షాపులో చెప్పి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చి వేసుకుంటే ఒకరోజు హాయిగా ఉంటుంది, లోపల పుండు మాత్రం పెరిగిపోతుంది. చూపు పోయినవాళ్ళున్నారు.

బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో దుమ్ము కడిగేస్తుందట కదా?

రైసుమిల్లు కూలీలకు బెల్లమో అరటిపండో ఇవ్వడం మా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. తినండి, కడుపు నిండుతుంది. కానీ తిన్నది పోయే దారి వేరు, పీల్చినది పోయే దారి వేరు. గొంతులోది కాస్త జారుతుందేమోగానీ ఊపిరితిత్తుల్లోది కదలదు.

ఆవిరి పడితే ముక్కుకి తెరిపిగా ఉంటుంది, దుమ్మును తీయదు. మరిగే గిన్నె మీదకి పిల్లల్ని వంచకండి, కాలిన కేసులు నేను చూశాను. ముక్కుని ఉప్పునీళ్ళతో కడుక్కోవడం మంచి పనే, కాచి చల్లార్చిన నీళ్ళతోనే చేయాలి. మృగశిర కార్తెకి హైదరాబాదులో ఇచ్చే చేప మందు సంగతి కూడా అడుగుతుంటారు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని ఏ పరీక్షలోనూ తేలలేదు. నమ్మకం కొద్దీ వెళ్తే వెళ్ళండి, ఇన్‌హేలర్ మాత్రం జేబులోనే ఉండాలి.

పిల్ల దగ్గుతోంది. ఎవరో వెళ్తున్నారు, ఇక్కడి నుంచి సిరప్ పంపనా?

వద్దండి. ఇంత గట్టిగా ఇంకే ప్రశ్నకీ చెప్పను. మన దగ్గర దొరికే కొన్ని దగ్గు సిరప్పుల్లో కోడీన్ ఉంటుంది. అదీ, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలూ, కొన్ని నిద్రమాత్రలూ గల్ఫ్ దేశాల్లో మత్తుమందుల చట్టం కిందికొస్తాయి. చీటీ లేకుండా దొరికితే తీసుకెళ్ళినవాళ్ళు జైలుకి పోవచ్చు. ఆవకాయ సీసాతో పాటు పొట్లంలో చుట్టి ఇచ్చేస్తాం, మోసుకెళ్ళే ఆ పక్కింటామెకి లోపల ఏముందో తెలియదు. సొంత మందులు పట్టుకెళ్ళాలంటే డాక్టరు చీటీతో, అసలు డబ్బాలో ఉంచి, అవసరమైనన్నే పట్టుకెళ్ళాలి. ముందు ఆ దేశంలో అది చెల్లుతుందో లేదో కనుక్కోవాలి.

పైగా దుమ్ము దగ్గుకి దగ్గు మందు అంతగా పనిచేయదు. గోరువెచ్చటి నీళ్ళు, దుమ్ముకి దూరంగా ఉండటం, పిల్లికూతలుంటే ఇన్‌హేలర్, ఇవీ దాని మందులు.

ఎనిమిదేళ్ళు సైటులో చేసి వచ్చాడు. దగ్గు తగ్గట్లేదు. ఇసుక తుఫానులవల్లేనా?

ఏడాదికి నాలుగు తుఫాన్ల వల్ల అయి ఉండదు. ఏం పని చేశాడో అడగండి. టైల్సు, గ్రానైటు కోయడం, కాంక్రీటు గీకడం, ఇసుకతో ఇనుము మీద తుప్పు కొట్టడం లాంటివైతే సిలికా ధూళి రోజూ లోపలికి వెళ్ళింది. దానివల్ల వచ్చే సిలికోసిస్ ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. నయం చేసే మందు లేదు, ఇంకా పెరగకుండా చూసుకోవడమే. సిలికోసిస్ ఉన్నవాళ్ళకు క్షయ కూడా తేలిగ్గా అంటుకుంటుంది.

రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సర్కారు ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించాల్సిందే. డబ్బులు తీసుకోరు. మళ్ళీ వెళ్ళేటప్పుడు మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారన్న భయంతో దాచుకుంటారు. దాచిన జబ్బు ముందు ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది.

మన డెల్టాలో ఇసుక తుఫాన్లు వస్తాయా?

ఆ స్థాయిలో రావు. నేల తడిగా ఉంటుంది, పచ్చగా ఉంటుంది. అరేబియా సముద్రం దాటి వచ్చిన ధూళి 2022 జనవరిలో ముంబయిని కమ్మింది గానీ ఇంతదూరం ఆ తీవ్రతతో రాదు. రోహిణి కార్తెలో, వాన ముందు ఈదురుగాలికి లంకల్లో తిన్నెల మీద ఇసుక లేస్తుంది. అదొక అరగంట.

మనకున్న దుమ్ము వేరు, అది తుఫానులా వార్తల్లోకి రాదు. ర్యాంపు నుంచి టార్పాలిన్ కప్పకుండా వచ్చే ఇసుక లారీలు, రైసుమిల్లు గొట్టం నుంచి వాలే ఊక బూడిద, దాళ్వా కోతల్లో మిషను వెనక లేచే నలక, కొబ్బరి పీచు యూనిట్ల పొట్టు, ఇటుక బట్టీలు. బండి మీద లారీ వెనక పోతే కువైట్‌లో చిన్న తుఫాను పీల్చినట్టే. పైన చెప్పిన మాస్కులు, తడి ఊడ్పు ఇక్కడా అంతే అవసరం. ఊక బూడిద పడే వీధుల్లో మేడ మీద వడియాలు, అప్పడాలు ఆరబెట్టేవాళ్ళు పొద్దున్నే గాలి ఎటుందో చూసుకుంటారు. పిల్లల్ని ఆడుకోవడానికి పంపేముందు కూడా అది చూడొచ్చు.

తుఫాను అని టీవీలో చూపిస్తున్నారు, ఫోను ఎత్తట్లేదు. ఏం చేయాలి?

కంగారు పడి ఇరవైసార్లు చేయకండి. తగ్గిన మొదటి మూడు నాలుగు గంటలూ ఇంట్లో పనిచేసేవాళ్ళకు ఊపిరి సలపదు, ఇల్లు కడుగుతూ ఉంటారు. రాత్రి పదకొండు తర్వాత, అంటే కువైట్‌లో ఎనిమిదిన్నర దాటాక చేయండి. "బాగున్నావా" అంటే "బాగున్నానమ్మా" అనే అంటుంది. మాస్కు ఇచ్చారా, తడిపి ఊడ్చావా, రాత్రి దగ్గుతో మెలకువ వస్తోందా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని విడివిడిగా అడగండి. మర్నాడూ, ఎల్లుండీ మళ్ళీ చేసి ఇవే అడగండి.